శస్త్రచికిత్స లేకుండా ఆహార మార్పుతో బరువు తగ్గడం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో ఆహార సలహాలిచ్చే పనిలో ఉన్న నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది అప్పటికే విశాఖపట్నం వెళ్లి, బరువు తగ్గించేందుకు జీర్ణాశయాన్ని చిన్నది చేసే బేరియాట్రిక్ శస్త్రచికిత్స గురించి విని, భయం వల్లనో ఖర్చు వల్లనో ఇంటికి తిరిగొచ్చినవారు. "కోత లేకుండా అయ్యే మార్గం లేదామ్మా?" అన్నది వారు మొదట అడిగే మాట. మార్గం ఉంది, కానీ అది అందరికీ ఒకే దూరం తీసుకెళ్లదు. ఆపరేషన్ చేయించుకున్నా, చేయించుకోకపోయినా కంచంలో మార్పు మాత్రం తప్పదు కనుక, ఆ మార్పును ముందే నేర్చుకోవడం మంచిదన్నది నా నమ్మకం. ఆ నమ్మకంతోనే ఈ జవాబులు రాస్తున్నాను.

ఆహారం మార్చుకుంటే ఆపరేషన్ అవసరం నిజంగా తప్పుతుందా?

ఎంత బరువు తగ్గాలి, ఎందుకు తగ్గాలి అన్నదాన్ని బట్టి ఉంటుంది. బేరియాట్రిక్ శస్త్రచికిత్సతో సగటున శరీర బరువులో 25 నుంచి 30 శాతం తగ్గుతుంది. ఆహారం, నడక కలిపి శ్రద్ధగా పాటించేవారిలో సాధారణంగా తగ్గేది 5 నుంచి 10 శాతం. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసి నిరాశపడేవారు ఉన్నారు. అయితే ఒంట్లో జబ్బుల విషయంలో తొలి కొద్ది కిలోలే ఎక్కువ మేలు చేస్తాయి. అమెరికాలో మధుమేహానికి దగ్గరగా ఉన్నవారిపై జరిగి 2002లో వెలువడిన పెద్ద అధ్యయనంలో 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టుకున్నవారికి మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. 80 కిలోల మనిషికి 7 శాతమంటే ఆరు కిలోలకు దాటదు.

ఇంకా గట్టిగా చేసినవారి ఫలితాలు 2017లో వచ్చాయి. స్కాట్లాండ్, ఇంగ్లండ్‌లోని టైన్‌సైడ్ ప్రాంతాల్లో మధుమేహం వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ మొదలుపెట్టని రోగులకు వైద్యుల పర్యవేక్షణలో మూడు నుంచి ఐదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల ఆహారం మాత్రమే ఇచ్చి, తర్వాత మెల్లగా మామూలు భోజనానికి తెచ్చారు. ఏడాది తర్వాత వారిలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవారిలోనైతే అది 86 శాతం. రెండేళ్లు గడిచేసరికి 46 కాస్తా 36కి దిగింది. తగ్గించిన బరువును నిలుపుకోవడం ఎంత కష్టమో ఆ రెండు అంకెల మధ్య తేడాయే చెబుతుంది. ఇదంతా నేను చెప్పేది ఆశ కల్పించడానికే గానీ, ఎవరూ ఇంట్లో సొంతంగా 850 కేలరీలకు దిగిపోవాలని కాదు.

శస్త్రచికిత్స ఎవరికి సూచిస్తారు?

కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య బీఎంఐ. 155 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీ 60 కిలోలుంటే 25, 72 కిలోలుంటే 30, 84 కిలోలుంటే 35, 96 కిలోలుంటే 40 వస్తుంది. 1991 నాటి అమెరికా నియమాల ప్రకారం 40 దాటినవారికి, లేదా 35 దాటి మధుమేహం వంటి జబ్బులున్నవారికి శస్త్రచికిత్స సూచించేవారు. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు ఆ గీతను 35కు, జబ్బులుంటే 30కు దించాయి. మన ఆసియా వాసులకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి, షుగర్ త్వరగా వస్తుంది కనుక 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి.

ఆరోగ్య బీమా మాత్రం పాత గీతకే కట్టుబడి ఉంది. 40, లేదా తీవ్రమైన జబ్బులతో 35 ఉండాలి, వయసు 18 నిండాలి, వైద్యుడి సిఫారసు ఉండాలి. వీటితోపాటు కోత అవసరం లేని పద్ధతులు ప్రయత్నించి విఫలమై ఉండాలన్నది బీమా నియంత్రణ సంస్థ పెట్టిన షరతు. ఆహార ప్రయత్నాన్ని తేదీలతో, తూకాలతో రాసి ఉంచుకోమని నేను అందరికీ చెప్పడానికి ఇదీ ఒక కారణం. రేపు ఆపరేషనే అవసరమైతే ఆ నోటుపుస్తకం అక్కరకు వస్తుంది.

ఆపరేషన్ అయితే ఇక ఏది తిన్నా ఫర్వాలేదట కదా?

ఇది పూర్తిగా తప్పు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా తీసేస్తారు. బైపాస్‌లో చిన్న సంచి మాత్రం మిగిల్చి పేగును దానికి కలుపుతారు. తర్వాత కొన్ని వారాలు ద్రవాలు, మెత్తని ఆహారం, ఆపైన ఎప్పటికీ చిన్న చిన్న భోజనాలు, ముందు మాంసకృత్తులు, నెమ్మదిగా నమలడం, జీవితాంతం బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రలు తప్పవు. తీపి పానీయాలు, నూనె వంటలు తాగుతూ తింటూ పోతే కుట్టిన పొట్టతోనే బరువు తిరిగి పెరిగినవారు ఉన్నారు. అనుభవమున్న చోట చేయిస్తే ఇది పిత్తాశయం తీసే ఆపరేషన్‌తో పోల్చదగినంత సురక్షితమైనదే కనుక, దాన్ని భూతంలా చూడాల్సిన పనీ లేదు.

అన్నం మానేయాలా?

మానక్కర్లేదు. కొలవాలి. ఈ ఒక్క ప్రశ్నకు నేను ఎక్కువ సమయం తీసుకుంటాను. ఎందుకంటే మన జిల్లాల్లో అధిక బరువు చాలావరకు అన్నం గిన్నె దగ్గరే మొదలవుతుంది. అన్నం చెడ్డది కాదు, కానీ ఎంత తింటున్నామో మనకు తెలియదు.

నరసన్నపేట నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయురాలు "నేను తినేదే కొంచెం" అని గట్టిగా నమ్మేవారు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. రోజూ వాడే స్టీలు కంచాన్ని తెమ్మని, వంటింటి తూకం మీద పెట్టి, రోజూ వడ్డించుకున్నట్టే వడ్డించుకోమన్నాను. మొదట పప్పులోకి, తర్వాత కూరలోకి, చారులోకి, చివర పెరుగులోకి అని నాలుగు విడతలుగా అన్నం పెట్టుకున్నారు. ఏ విడతా పెద్దదిగా కనిపించలేదు. నాలుగూ కలిపితే తూకం 480 గ్రాములు చూపింది. వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు, అంటే పూటకు 620కి పైమాటే, రెండు పూటలకు 1,250 దాకా. ఆమె కాసేపు ఆ అంకెల వైపే చూసి, "మా అత్తగారు దీన్ని సగం కంచం అంటారండీ" అన్నారు.

అన్నం ఆపించలేదు. పూటకు 250 గ్రాములకు తగ్గించి, ఆ ఖాళీలో గట్టి పప్పు ఒక కప్పు, నూనె తక్కువ వేసిన ఆనపకాయ, బీరకాయ, గోరుచిక్కుడు, బెండకాయ వంటి కూర రెండు గరిటెలు ఎక్కువ పెట్టించాను. విడతలు నాలుగు నుంచి రెండుకు వచ్చాయి. చారు మాత్రం గ్లాసులో పోసుకుని తాగమన్నాను. చారులోకి అన్నం కలుపుకునే అలవాటు తెలుగువారికి ఎంత ఇష్టమో నాకు తెలుసు, నాకూ అదే ఇష్టం, కానీ లెక్కలో అన్నిటికంటే సులువుగా తగ్గేది ఆ విడతే. రోజుకు ఐదు టీలు, టీకి రెండు చెంచాల పంచదార ఉండేది. దాన్ని రెండు టీలు, ఒక్కో చెంచాకు తెచ్చారు. అక్కడ 160 కేలరీలు మిగిలాయి. ఏడు నెలల్లో 84 కిలోలు 75 అయ్యాయి. ఆపరేషన్ చేయించుకోవాలా అని అడగడానికి వచ్చిన మనిషి ఆమె.

ఇంట్లో తూకం లేకపోతే ఒకే గిన్నెను కొలతగా పెట్టుకుని, అన్నం కంచంలోకి ఒక్కసారే వడ్డించుకుని, గిన్నెను వంటింట్లోనే ఉంచి రావాలి. బల్ల మీదో చాప పక్కనో గిన్నె ఉన్నంతసేపూ చెయ్యి అటే పోతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల రోజుకు ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉన్నాయి. ఆ 250 గ్రాములు బియ్యంగా కొలిచినది, ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ, చోడిపిండి అన్నీ అందులోకే వస్తాయి. బరువు తగ్గాలనుకునేవారికి ఇంకా తక్కువ చాలు.

చోడి అంబలి, తరవాణి తాగితే బరువు తగ్గుతుందా?

మన వైపు రాగులనే చోళ్లంటారు. పాత తరం అంబలి తాగి నాజూగ్గా ఉండేదన్న మాటలో నిజం ఉంది. కానీ వాళ్లు అంబలితోపాటు పొలంలో రోజంతా వంగి పనిచేశారు. వంద గ్రాముల చోడిపిండిలో సుమారు 320 కేలరీలు, బియ్యంలో 350 పైచిలుకు, తేడా చిన్నదే. చోడిలో పీచు, 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉండటం దాని గొప్ప. 30 గ్రాముల పిండితో కాచి, చల్లారాక పలచటి మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుంటూ తాగే గ్లాసు అంబలి వంద కేలరీలతో మధ్యాహ్నం దాకా ఆకలిని ఆపుతుంది. ఉదయం పూరీ, పునుగుల స్థానంలో దాన్ని పెడితే బరువు తగ్గుతుంది. టిఫిన్ తిన్నాక ఆరోగ్యం కోసం అదనంగా తాగితే పెరుగుతుంది. సామలు, కొర్రలు, గంటెల విషయంలోనూ ఇదే మాట. తరవాణి, చద్దన్నం కడుపుకు చలువే గానీ, రాత్రంతా నానినంత మాత్రాన అన్నంలోని కేలరీలు పోవు.

పంచదార బదులు బెల్లం వాడితే మేలా అని కూడా అడుగుతారు. బరువు లెక్కలో రెండూ దాదాపు ఒకటే.

నూనె ఎంత వాడాలి?

నెలకు మనిషికి ముప్పావు లీటరు దాటకూడదు. నలుగురున్న ఇంటికి మూడు లీటర్లు. నెల మొదట్లో ఆ మూడు ప్యాకెట్లూ విడిగా పెట్టి, వేపుళ్లు, తాలింపులు, దిబ్బరొట్టె, పిండివంటలు అన్నీ వాటితోనే గడపాలి. నెలకు ఐదు లీటర్లు వాడే ఇంట్లో ఒక్కో మనిషి రోజుకు 38 గ్రాముల నూనె, అంటే 340 కేలరీలు తింటున్నట్టు. అది ఎవరి కంచంలోనూ విడిగా కనిపించదు. పలాస జీడిపప్పు కూడా ఇలాంటిదే. పది పలుకులు మంచి ఆహారం, 100 గ్రాములంటే 580 కేలరీలు. ఉద్దానం కొబ్బరి పచ్చడి ఇడ్లీలోకి గరిటెలతో కాక చెంచాతో వడ్డించుకోవాలి.

ఆకలి ఆగడానికి ఏం తినాలి?

మాంసకృత్తులు, కూరగాయలు, పీచు. ఆరోగ్యవంతుడైన మనిషికి ఉండాల్సిన బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని మన దేశపు ప్రమాణం. 60 కిలోలకు సుమారు 50 గ్రాములు. గుడ్డులో 6, కందిపప్పు 30 గ్రాముల్లో 6 లేదా 7, చేప 100 గ్రాముల్లో 18 నుంచి 20 గ్రాములు దొరుకుతాయి. కళింగపట్నం, భావనపాడు నుంచి వచ్చే నెత్తళ్లు, కవళ్లు ఏ ఖరీదైన పొడి డబ్బా కంటే తక్కువ కావు. వాటిని వేపుడుగా కాక పులుసుగా వండుకోవాలి. పులుసు బాగుందని మరో విడత అన్నం పెట్టుకోకూడదు. ఎండుచేపల్లో మాంసకృత్తులు దండిగా ఉన్నా, ఉప్పు కూడా దండిగానే ఉంటుంది కనుక బీపీ ఉన్నవారు వారానికోసారికి పరిమితం చేసుకోవాలి. మాంసాహారం తిననివారికి ఉలవలు, పెసలు, బొబ్బర్లు, పెరుగు, మీల్‌మేకర్ ఉన్నాయి. ఉలవచారు మరిగించి తేట మాత్రం తాగి గుగ్గిళ్లు పశువులకు పెట్టేస్తారు. నిజానికి బలమంతా ఆ గుగ్గిళ్లలోనే ఉంది.

మాది ఉద్దానం. ఈ ఆహారం మాకూ సరిపోతుందా?

ముందు కిడ్నీ పరీక్ష చేయించుకున్నాకే ఏ మార్పయినా. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో షుగర్, బీపీ లేనివారికి కూడా కిడ్నీలు మెల్లగా దెబ్బతినే జబ్బు దశాబ్దాలుగా ఉందన్నది తెలిసినదే. ఈ జబ్బు చాలాకాలం ఏ బాధా లేకుండా లోపలే సాగుతుంది. కాళ్లవాపు, వాంతులు కనిపించేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. అందువల్ల ఒంట్లో బాగానే ఉందన్న మాట మీద ఆధారపడి ఆహారం మార్చడం ఈ ప్రాంతంలో ప్రమాదం.

రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చాలు. ఇవి ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేస్తారు. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఈ ప్రాంతం వారికి దగ్గర. ఫలితం మామూలుగా ఉంటే పైన చెప్పినవన్నీ పాటించవచ్చు. తేడా ఉంటే మాంసకృత్తులు ఎన్ని గ్రాములన్నది కిడ్నీ వైద్యుడు నిర్ణయించాలి. అప్పుడు వ్యాయామశాలల్లో అమ్మే ప్రోటీన్ పొడులు, మాంసం మీదే నడిచే ఆహార పద్ధతులు దగ్గరకు రానివ్వకూడదు. బరువు తగ్గడానికి అందరికీ మంచివని చెప్పే కొబ్బరినీళ్లు, ఆకుకూరలు సైతం పొటాషియం ఎక్కువ కావడం వల్ల కొందరు కిడ్నీ రోగులకు హాని చేస్తాయి. కీళ్ల నొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రల విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. బరువు ఎక్కువైనవారికి మోకాళ్ల నొప్పులు సహజం, ఆ మాత్రలు అలవాటుగా మారడమూ సహజం. కనుక నేను మొదటి రోజే ఆ సంగతి అడుగుతాను.

షుగర్ మాత్రలు వేసుకుంటూ తిండి తగ్గించవచ్చా? ఒక్కపొద్దులు ఉండవచ్చా?

వైద్యుడికి చెప్పకుండా ఉండకూడదు. ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు.

మా అమ్మ బొబ్బిలిలో ఉండేవారు. గ్లిమిపిరైడ్ మాత్ర రోజూ ఉదయం వేసుకునేవారు. ఒక కార్తిక సోమవారం నాడు, నక్షత్రం చూశాకే భోజనమని ఉపవాసం పట్టి, మాత్ర మాత్రం మానకూడదు కదా అని వేసుకున్నారు. ఆ ఏడాది ఆమె బరువు తగ్గాలని అన్నం కూడా బాగా తగ్గించి ఉన్నారు. మాత్ర మోతాదు తగ్గించాలని ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మూడు గంటలకు తులసికోట దగ్గర తూలి కూర్చుండిపోయారు. చీర తడిసేంత చెమట, చేతులు వణుకు, నేను పిలిస్తే నా పేరు తప్పుగా పలికారు. పరికరంతో వేలు గుచ్చి చూస్తే షుగర్ 52కు పడిపోయి ఉంది. బెల్లం నీళ్లు కలిపి పట్టించి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ గుచ్చి చూసేదాకా నాకు ఊపిరి ఆడలేదు. వ్రతం చెడిందని ఆమె ఏడ్చారు గానీ, తనకు ఎంత ప్రమాదం తప్పిందో ఆమెకు తెలియదు.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు తిండి తగ్గించే రోజునే మోతాదు మార్చుకోవాల్సి రావచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారు అన్నం, రొట్టె పూర్తిగా మానేస్తే రక్తంలో ఆమ్లం పెరిగే అపాయం ఉంది, అప్పుడు షుగర్ అంకె ఎక్కువగా లేకపోయినా వాంతులు, ఆయాసం రావచ్చు. బరువు తగ్గేకొద్దీ బీపీ కూడా దిగుతుంది కనుక లేచి నిలబడితే కళ్లు తిరిగేవారు బీపీ మాత్రను కూడా చూపించుకోవాలి. వీటిలో ఏ మందునూ సొంతంగా ఆపకూడదు.

కీటో, పదహారు గంటల ఉపవాసం పనిచేస్తాయా?

పనిచేస్తాయి, మొత్తం తిండి తగ్గితే. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో 139 మందిపై ఏడాదిపాటు చేసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపే తిన్నవారికీ, అన్నే కేలరీలను రోజంతా తిన్నవారికీ బరువు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రాత్రి తొమ్మిదింటికి టీవీ ముందు జంతికల డబ్బా తెరిచే అలవాటున్న ఇంటికి మాత్రం ఏడు తర్వాత వంటింటి దీపం ఆర్పేయడం గొప్ప మేలు చేస్తుంది. పిండి పదార్థాలు దాదాపు మానేసే కీటోలో మొదటి వారం దిగే మూడు కిలోల్లో ఎక్కువ భాగం నీరే. అన్నం, పప్పు, పండు లేకుండా మన ఇళ్లలో ఎవరూ ఏళ్ల తరబడి ఉండలేరు, ఉండలేని పద్ధతితో తగ్గిన బరువు నిలవదు. మరీ వేగంగా తగ్గేవారికి పిత్తాశయంలో రాళ్లు కూడా వస్తాయి. వారానికి అరకిలో చాలు.

థైరాయిడ్ వల్లే నేను లావయ్యాను కదా?

థైరాయిడ్ తక్కువగా ఉండటం వల్ల పెరిగేది సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ చాలావరకు నీరు, ఉప్పు. మాత్ర సరిగ్గా వేసుకుంటూ ఆహారం మార్చుకుంటే అందరిలాగే తగ్గుతారు.

రోజూ గంట నడుస్తున్నాను, అయినా ఎందుకు తగ్గడం లేదు?

గంట నడకలో ఖర్చయ్యేది దారిలో ఒక ప్లేటు బజ్జీతో తిరిగి వచ్చేస్తుంది. నడక షుగర్‌కు, గుండెకు, నిద్రకు, తగ్గిన బరువు నిలవడానికి ఎంతో అవసరం. కానీ బరువును దించే పని ప్రధానంగా కంచానిదే. కండ కరగకుండా వారానికి రెండు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, నీళ్ల బిందె ఎత్తడం వంటి బలమైన పనులు కూడా చేర్చుకోవాలి.

నాలుగు నెలలు తగ్గి ఆగిపోయింది. నాలో పట్టుదల లేదంటున్నారు.

ఆ మాట నమ్మకండి. బరువు తగ్గిన శరీరం ఆకలిని పెంచి, ఖర్చును తగ్గిస్తుంది. మెల్‌బోర్న్ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పది వారాల కఠిన ఆహారంతో తగ్గినవారి రక్తంలో ఆకలిని నియంత్రించే హార్మోన్లు ఏడాది తర్వాత కూడా మామూలు స్థాయికి రాలేదు. అంటే మీకు వేసే ఆకలి నిజమైనదే. 84 కిలోలప్పుడు సరిపోయిన తిండి 75 కిలోలప్పుడు కొంచెం ఎక్కువే అవుతుంది, అందుకే ఆగుతుంది. ఆగినప్పుడు అన్నం మళ్లీ తూచి చూడాలి, ఎందుకంటే 250 అనుకున్నది నెలలు గడిచేసరికి 330 అయి ఉంటుంది. తూకం సరిగ్గానే ఉంటే రెండు మూడు నెలలు ఆ బరువులోనే నిలబడటాన్ని కూడా నేను విజయంగానే లెక్కిస్తాను.

వారానికో ఇంజెక్షన్ వచ్చిందట, అది చాలదా?

2025లో మౌంజారో, వెగోవీ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి. వెగోవీలోని సెమాగ్లుటైడ్‌తో 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గింది, ఆపేశాక ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. వైద్యుడు అవసరమన్నవారికి మంచి మందే. ఆకలి లేక పప్పు, గుడ్డు కూడా మానేసి కండ పోగొట్టుకునేవారిని చూస్తున్నాను కనుక, దానితోనూ ఆహార ప్రణాళిక ఉండాలి.

ఇంట్లో అందరికీ ఒక వంట, నాకొక్కదానికి వేరే వంట ఎలా?

వేరే వంట వద్దు. వేరే వంట మొదలుపెట్టిన ఇళ్లలో మూడో వారానికి అది ఆగిపోవడం చూశాను. మొదట ఆగేది ఇంటి ఇల్లాలి కంచమే. అందరికీ వండే కూరలోనే నూనె తగ్గాలి, అందరి పప్పూ గట్టిపడాలి, మీ కంచంలో అన్నం మాత్రం కొలతగా ఉండాలి. మిగిలిపోయిన అన్నం పారేయలేక రాత్రి పదింటికి గిన్నె ఖాళీ చేసే తల్లులకు నేను ఒకటే చెబుతాను, వండే బియ్యమే ఒక గుప్పెడు తగ్గించండి.

సంక్రాంతికి అరిసెలు, పైడితల్లమ్మ సిరిమానుకు వచ్చే చుట్టాల భోజనాలు, రథసప్తమికి అరసవల్లి ప్రయాణం మానమని ఎవరికీ చెప్పను. పండుగ రోజు తినండి. పండుగ తర్వాత డబ్బాల్లో నెల రోజులు మిగిలే అరిసెలు, చేగోడీలే నిజమైన ఇబ్బంది, అవి నాలుగిళ్లకు పంచేయండి. "ఇంకొక్కటి వేయించుకో" అనే పెద్దవారి ముందు వద్దనడం మన వైపు మర్యాద కాదు కనుక, మొదటి విడతే సగం వడ్డించుకుంటే రెండోసారి వేయించుకోవడానికి చోటు మిగులుతుంది.

ఎప్పుడు మళ్లీ శస్త్రచికిత్స గురించి ఆలోచించాలి?

ఆరు నెలలు, కొందరికి ఏడాది, నిజాయితీగా ప్రయత్నించాక కూడా బీఎంఐ 35 పైనే ఉండి, షుగర్ మందులు పెరుగుతూ పోతుంటే, నిద్రలో ఊపిరి ఆగి లేస్తుంటే, కాలేయంలో కొవ్వు ముదురుతుంటే ఆలోచించాలి. బీఎంఐ 40 దాటి, జబ్బులు తీవ్రంగా ఉన్నవారిని ఆహారంతోనే తగ్గమని నేను ఏళ్లపాటు ఆపను, అది వారి కాలాన్ని హరించడమే. స్వీడన్‌లో 1987లో మొదలైన దీర్ఘకాల అధ్యయనంలో శస్త్రచికిత్స చేయించుకున్నవారు, చేయించుకోనివారికంటే ఎక్కువ కాలం జీవించారు. ఆపరేషన్‌కు వెళ్లడం ఓటమి అనుకునే రోగులు నాకు తారసపడుతుంటారు. అలా అనుకోనవసరం లేదు. ఆ నెలల్లో నేర్చుకున్న కొలత, నమలడం, గట్టి పప్పు, తక్కువ నూనె ఆపరేషన్ తర్వాత మొదటి రోజు నుంచే వారికి పనికొస్తాయి.

మొదటిసారి సలహాకు వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

వేసుకుంటున్న అన్ని మందుల అట్టలు, ఏడాదిలోపు షుగర్, థైరాయిడ్, కొలెస్టరాల్, క్రియాటినిన్ కాగితాలు, మూడు రోజుల తిండి రాసిన ఒక కాగితం. అందులో ఒకటి ఆదివారం అయి ఉండాలి. టీలు, నీళ్లలో కలుపుకున్న తేనె, పిల్లలు వదిలేస్తే తిన్న ముద్దలు కూడా రాయాలి. వీలైతే వంట చేసే మనిషి కూడా రావాలి. రోజూ తినే కంచాన్నీ, ఇంట్లో బియ్యం కొలిచే సోలనూ సంచిలో వేసుకుని తేవాలి.